సెరామిక్‌ని తిట్టే ముందు

ప్రశ్న: "అన్నా, మాది కాజీపేట. డిగ్రీ అయిపోయి హన్మకొండలో చిన్న ఉద్యోగం చేస్తున్నా. ఆదివారం చర్చిలో, అప్పుడప్పుడు పెళ్లిళ్లలో గిటార్ వాయిస్తా. నాది స్ట్రాట్ (ఫెండర్ స్ట్రాటోకాస్టర్) మోడల్‌లో తక్కువ ధర గిటార్, మూడు సింగిల్ కాయిల్ పికప్‌లు (స్ట్రింగ్స్ ఊపుని కరెంటు సిగ్నల్‌గా మార్చేవి, ఒక్కోదాంట్లో ఒకే తీగచుట్ట). సౌండ్ చెవిలో గీరినట్టు ఉంటుంది. డిస్టార్షన్ వేస్తే ఇక రంపమే. గుయ్యిమని హమ్ వేరే. మా కీబోర్డ్ అన్న 'నీ పికప్‌లలో సెరామిక్ మాగ్నెట్ ఉంది, అందుకే ఈ గోల, అల్నికో వేయించు' అంటాడు. ఇంకో దోస్తు 'పికప్ కాదు, అల్నికో స్పీకర్ పెట్టు' అంటాడు. షాపులో అడిగితే 'ఇప్పుడంతా నియోడిమియమే' అన్నారు. మా మామ దగ్గర పాత వాల్వ్ రేడియో స్పీకర్ ఉంది, దాంట్లో ఉన్నది అల్నికోనే అంటున్నాడు. ఆ మాగ్నెట్ తీసి పికప్‌కి వాడొచ్చా? నా దగ్గర 12 వేలు ఉన్నాయి. ఇంట్లో 10 వాట్ల చిన్న ఆంప్ ఉంది. చర్చికి అది తీసుకుపోను, పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కే ఇస్తా. ఏం చేయమంటావు?"

జవాబు: తమ్ముడూ, ముందు మీ మామ చేతిలో స్క్రూడ్రైవర్ ఉంటే తీసి దాచిపెట్టు. ఆ రేడియో స్పీకర్‌ని విప్పితే పికప్ తయారు కాదు, స్పీకరూ మిగలదు.

మామ చెప్పింది నిజమే అయి ఉండొచ్చు. ఆ కాలపు వాల్వ్ రేడియోల స్పీకర్లలో చాలావాటికి అల్నికోనే వాడారు. అల్నికో అంటే అల్యూమినియం, నికెల్, కోబాల్ట్, ఇనుము కలిపి పోత పోసిన లోహం. బలమైన మాగ్నెట్టే గానీ, ఉన్న బలాన్ని గట్టిగా పట్టి ఉంచుకునే గుణం తక్కువ. అందుకని స్పీకర్ తయారు చేసేటప్పుడు మాగ్నెట్‌ని ఇనుప చట్రంలో బిగించాకే దానికి అయస్కాంత బలం ఎక్కిస్తారు. ఆ చట్రంలోంచి బయటికి లాగగానే బలంలో కొంత భాగం పోతుంది. మళ్లీ యథాస్థానంలో పెట్టినా తిరిగి రాదు, కొత్తగా ఛార్జ్ చేయించాల్సిందే. సెరామిక్‌కి ఈ బాధ దాదాపు లేదు. పైగా పికప్‌కి కావాల్సింది సుమారు 5 మిల్లీమీటర్ల లావుండే రాడ్లు ఆరు. అల్నికో గట్టిగా, పెళుసుగా ఉంటుంది. యాక్సా బ్లేడుతో కోద్దామంటే కుదరదు, గ్రైండింగ్ ఒక్కటే దారి. ఇంత చేసి బలం తగ్గిన మాగ్నెట్‌తో ఏం సాధిస్తారు?

ఆ స్పీకర్‌ని నీ 10 వాట్ల ఆంప్‌కి తగిలించే ఆలోచన కూడా వద్దు. ఇంటి రేడియోలు ఇచ్చే అవుట్‌పుట్ మూడు నాలుగు వాట్లే. అన్నేళ్ల కిందటి కాగితపు కోన్ గిటార్ దెబ్బకి చిరిగి ఊరుకుంటుంది. రేడియోని బాగుచేయించి ఆకాశవాణి వినమను మామని.

ఇక నీ ఉత్తరంలో అసలు దొంగ ఎక్కడున్నాడో చెప్తా. మాగ్నెట్ల గురించి అంత రాసి, చివర్లో "పెడల్ నుంచి నేరుగా మిక్సర్‌కే ఇస్తా" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. వాడే దొంగ.

గిటార్ ఆంప్‌లో ఉండే స్పీకర్ మామూలు స్పీకర్ కాదు. పదో పన్నెండో అంగుళాల కాగితపు కోన్, సన్న శబ్దాల కోసం పెట్టే ట్వీటర్ ఉండదు. 5,000 హెర్ట్జ్ దాటాక దాని గొంతు నిట్టనిలువునా పడిపోతుంది. పాటలు వినడానికైతే అది పెద్ద లోపం. గిటార్‌కి అదే వరం. ఎందుకంటే డిస్టార్షన్ పెడల్ చేసే పని తరంగాన్ని నెత్తిన కొట్టి చదును చేయడం. అలా చదునైన తరంగంలోంచి పై స్థాయి హార్మోనిక్స్, అంటే అసలు స్వరానికి రెట్లలో ఉండే సన్న శబ్దాలు, బోలెడు పుడతాయి, 10,000 హెర్ట్జ్ పైన కూడా. గిటార్ స్పీకర్ వాటిని మింగేస్తుంది. మనకి వినపడేది మిగిలిన భాగమే. రికార్డుల్లో విని మనం మురిసిపోయే డిస్టార్షన్ అంతా అలా స్పీకర్ వడపోసి ఇచ్చినదే.

చర్చి హాల్లో బాక్సులు అలా ఉండవు. కింద లావు శబ్దాలకి వూఫర్, పైన సన్న శబ్దాలకి హార్న్. ప్రసంగంలో ప్రతి అక్షరం స్పష్టంగా వినపడాలని పెట్టినవి అవి. నీ పెడల్ పుట్టించిన చెత్తనంతా ఆ హార్న్ ఒక్క చుక్క వదలకుండా జనం చెవుల్లో పోస్తుంది. నువ్వు లక్ష రూపాయల గిటార్ తెచ్చి అదే మిక్సర్‌కి పెట్టినా రంపం రంపమే. అల్నికో వేసినా అంతే, సెరామిక్ ఉంచినా అంతే.

దీనికి తోడు ఇంకోటి జరుగుతూ ఉండొచ్చు. మామూలు గిటార్ పికప్‌కి ఎదురుగా 1 మెగా ఓమ్ దాకా ఇంపెడెన్స్, అంటే సిగ్నల్‌కి అడ్డు, ఉండాలి. మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో అంత ఉండదు, చాలావాటిలో 10 కిలో ఓమ్‌ల ప్రాంతమే. పెడల్ ఆఫ్ చేసినప్పుడు కొన్ని మోడళ్లలో గిటార్ నేరుగా మిక్సర్‌కి తగులుతుంది, అప్పుడు సౌండ్ మూసుకుపోయి, నీరసంగా వస్తుంది. మిక్సర్ దగ్గర కూర్చున్న అన్న ఊరుకుంటాడా, "గిటార్ వినపడ్తలేదు" అని హై నాబ్ పైకి తిప్పుతాడు. తర్వాత నువ్వు పెడల్ తొక్కుతావు. పెడల్ ఆన్‌లో ఉన్నప్పుడు ఆ ఇంపెడెన్స్ సమస్య ఉండదు, హై మాత్రం అలాగే పైన ఉంటుంది. ముందు వరుసలో పెద్దమ్మలు తలలు తిప్పి నీ వైపు చూసేది సరిగ్గా అప్పుడే కదా!

ఒక పని చెయ్యి. ఒకే ముక్కని ఇంట్లో నీ చిన్న ఆంప్ ముందు ఫోన్ పెట్టి రికార్డ్ చెయ్యి, ఆదివారం రిహార్సల్‌లో హాలు మధ్యలో ఫోన్ పెట్టి ఇంకోసారి చెయ్యి. ఇంట్లో ఓర్చుకునేలా ఉండి హాల్లో గీరుతుంటే, నీ 12 వేలు పికప్ షాపుకి కాదు పోవాల్సింది. క్యాబినెట్ సిమ్యులేషన్ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్స్ పెడల్ ఒకటి తీసుకో. గిటార్ స్పీకర్ చేసే వడపోతని అది తనలోనే చేసి మిక్సర్‌కి పంపుతుంది. మొదటి స్థాయి మోడళ్లు నీ బడ్జెట్ లోపలే వస్తాయి. కొనేముందు రెండే ప్రశ్నలు అడుగు: క్యాబినెట్ సిమ్యులేషన్ ఉందా, దాన్ని ఆన్ ఆఫ్ చేసుకునే వీలుందా. ఇంట్లో ఆంప్‌కి పెట్టినప్పుడు ఆఫ్ చేయకపోతే వడపోత రెండుసార్లు జరిగి కంబళి కప్పినట్టు ఉంటుంది. డబ్బు అస్సలు పెట్టలేనంటే ఆ చిన్న ఆంప్‌నే చర్చికి తీసుకుపోయి, దాని ముందు మైక్ పెట్టించు. 10 వాట్ల ఆంప్ అయినా మైక్ పెట్టాక హాలంతటికీ సరిపోతుంది. దీన్ని చిన్నతనంగా అనుకోకు, పెద్ద పెద్ద బ్యాండ్లు ఈనాటికీ చేసేది అదే.

మరి అల్నికో స్పీకర్ అన్న దోస్తు మాట? స్పీకర్ ముఖ్యమన్నంత వరకు అతనిది సరైన మాట. పికప్ కన్నా స్పీకర్ మారిస్తేనే తేడా ఎక్కువ తెలుస్తుందని నేనూ ఒప్పుకుంటా. కానీ ఆ తేడాలో మాగ్నెట్ జాతి వాటా ఎంత అన్నదే చూడాలి.

స్పీకర్ వెనకున్న మాగ్నెట్ పని ఒక సన్నని గుండ్రటి సందులో అయస్కాంత క్షేత్రాన్ని నింపడం. ఆ సందులో వాయిస్ కాయిల్ వేలాడుతూ ఉంటుంది. కరెంటు వస్తే కాయిల్ కదులుతుంది, దానికి అతికించిన కోన్ గాలిని నెడుతుంది. సందులో క్షేత్రం ఎంత బలంగా ఉంటే అదే వాట్‌కి అంత ఎక్కువ సౌండ్, కోన్ మీద అంత గట్టి పట్టు. ఆ బలం అల్నికో ఇచ్చిందా సెరామిక్ ఇచ్చిందా అని కాయిల్ అడగదు.

సెలెస్టియన్ కంపెనీవే రెండు స్పీకర్లు చూడు: జీ12ఎమ్, జీ12హెచ్. రెండూ 12 అంగుళాలవే, రెండింటిలో సెరామిక్కే. మొదటిదానిలో మాగ్నెట్ 35 ఔన్సులు, అంటే కిలో దగ్గర. రెండోదానిలో 50 ఔన్సులు, కిలో నాలుగు వందల పైన. ఆ బరువు తేడాకే హెచ్‌లో బేస్ బిగువుగా, సౌండ్ కొంచెం గట్టిగా వస్తుందని గిటారిస్టులు దశాబ్దాలుగా చెప్పుకుంటారు. జాతి ఒకటే, మోతాదు వేరు. "సెరామిక్ సౌండ్ ఇలా ఉంటుంది" అనేవాళ్లని ఈ రెండింటిలో ఏది అని అడుగు.

ఇంకో సాక్ష్యం మన ఊళ్లోనే దొరుకుతుంది. డీజే బాక్సులకి కోన్ మార్చే మెకానిక్‌లు వరంగల్‌లో ఉన్నారు, బతుకమ్మ ముందు, వినాయక చవితి ముందు వాళ్లకి తల ఎత్తే తీరిక ఉండదు. గిటార్ స్పీకర్‌ని వాళ్లకిస్తే కాయిల్ కాలిపోయినదాన్ని బాగానే చుట్టి ఇస్తారు, కోన్ మాత్రం అందుబాటులో ఉన్న డీజే కోన్ వేస్తారు. అంచుకి మెత్తటి గుడ్డ, మందమైన కాగితం. మాగ్నెట్ అదే, ఫ్రేమ్ అదే, గిటార్ సౌండ్ మాత్రం మాయం. గిటార్ స్పీకర్ గొంతులో పెద్ద భాగం ఆ పల్చటి కాగితానిది, దాని అంచుల ముడతలది, మధ్యలో డస్ట్ క్యాప్‌ది.

అయితే అల్నికో స్పీకర్లకి అంత పేరు ఊరికే రాలేదు. 1960ల నాటి వాక్స్ ఏసీ30 ఆంప్‌లో ఉన్న సెలెస్టియన్ బ్లూ అల్నికోనే. ఒక్కోటి 15 వాట్లే మోసేది, కానీ సున్నితత్వం, అంటే ఒక్క వాట్‌కి ఇచ్చే సౌండ్, 100 డెసిబెళ్లు. జెన్సెన్ కంపెనీ స్పీకర్ల పేరు 'పి'తో మొదలైతే అల్నికో, 'సి' అయితే సెరామిక్, 'ఎన్' అయితే నియోడిమియం. ఆ పాత అల్నికో స్పీకర్లలో మాగ్నెట్ వాయిస్ కాయిల్ వెనక మధ్యలో స్తంభంలా నిలబడి ఉంటుంది. సెరామిక్ అయితే బయట చక్రంలా చుట్టుకొని ఉంటుంది. గట్టిగా వాయించినప్పుడు వాయిస్ కాయిల్ పుట్టించే సొంత క్షేత్రం సందులోని క్షేత్రాన్ని కొంత కదిలిస్తుంది. రెండు నిర్మాణాల్లో అది ఒకేలా జరగదు, అక్కడ వినికిడిలో తేడా రావడానికి ఆస్కారం ఉంది. 'అల్నికో మెత్తగా లొంగుతుంది' అనేవాళ్లు దాని గురించే మాట్లాడుతున్నారు. కానీ అది ఆంప్‌ని పూర్తిగా తెరిచి వాయించేవాడి బాధ. ఇంట్లో బాపు నిద్రపోయాక వాల్యూమ్ రెండు మీద పెట్టుకొని వాయించేవాడికి ఆ లొంగుబాటు అందదు. పైగా ఆ స్పీకర్ ఒక్కదాని ధరే నీ గిటార్‌ని మించుతుంది.

ధర ఎందుకంత అంటే కోబాల్ట్. 1978లో అప్పటి జైర్‌లో, అంటే ఇప్పటి కాంగోలో, షాబా ప్రాంతంలో యుద్ధం వచ్చింది. ప్రపంచానికి కోబాల్ట్ ఎక్కువగా అక్కడి నుంచే వచ్చేది. ధర ఆకాశానికి పోయింది. అప్పటికే చౌకగా దొరుకుతున్న ఫెరైట్ వైపు, అంటే మనం సెరామిక్ అంటున్నదాని వైపు, అప్పటిదాకా అల్నికోలోనే ఉండిపోయిన స్పీకర్ కంపెనీలు కూడా దాదాపు అన్నీ మళ్లాయి. చెవితో పోల్చి చూసి మార్చిన మార్పు కాదది, ఖర్చు చూసి మార్చినది. ఇప్పుడు అల్నికో అరుదు కాబట్టి ఖరీదు; ఖరీదు కాబట్టి తియ్యగా వినపడుతుంది కొందరికి.

షాపువాళ్లు చెప్పిన నియోడిమియం సంగతి తొందరగా ముగిస్తా. 1980ల మొదట్లో అమెరికాలో జనరల్ మోటార్స్, జపాన్‌లో సుమిటొమో విడివిడిగా కనిపెట్టిన మాగ్నెట్ అది. చిన్న ముక్కలో ఘోరమైన బలం. స్పీకర్‌కి దానివల్ల వచ్చే అతిపెద్ద లాభం బరువు తగ్గడం. నిమజ్జనానికి ట్రాలీ మీదికి బాక్సులు ఎక్కించే పిల్లల నడుములని అడిగితే దాని విలువ చెప్తాయి. స్కూటీ మీద పట్టే నీ 10 వాట్ల ఆంప్‌లో దానితో పనేం లేదు.

ఇప్పుడు పికప్‌ల దగ్గరికి వద్దాం. ఇక్కడ కీబోర్డ్ అన్న చెప్పింది దాదాపు తలకిందులు.

పికప్‌లో మాగ్నెట్ స్టీల్ స్ట్రింగ్‌ని కూడా చిన్న మాగ్నెట్‌గా మారుస్తుంది. స్ట్రింగ్ ఊగినప్పుడు కాయిల్‌లోంచి పోయే క్షేత్రం మారి ఓల్టేజ్ పుడుతుంది. ఇంటర్‌లో ఫారడే నియమం చదివే ఉంటావు, అదే ఇది. ఆ ఓల్టేజ్‌లో ఏ స్థాయి ఎంత బయటికి రావాలో ఎక్కువగా తేల్చేది కాయిల్. దానికి ఇండక్టెన్స్ ఉంటుంది, నువ్వు వాడే కేబుల్‌కి కెపాసిటెన్స్ ఉంటుంది, రెండూ కలిసి ఒకచోట సౌండ్‌ని ఎత్తి చూపిస్తాయి, దాని పైన తెగ్గొడతాయి. స్ట్రాట్ తరహా పికప్‌కి 2.4 హెన్రీలు అనుకో. ఐదారు మీటర్ల కేబుల్, లోపలి వైర్లు కలిపి 600 పికోఫారడ్‌లు అనుకో. లెక్క కడితే ఆ ఎత్తు 4,200 హెర్ట్జ్ దగ్గర పడుతుంది. మన చెవి బాగా సున్నితంగా ఉండే చోటు అది. హమ్‌బకర్‌కి, అంటే హమ్ రద్దయ్యేలా రెండు కాయిల్స్ కలిపిన పికప్‌కి, 4.5 హెన్రీలు వేసి చూడు, అదే కేబుల్‌తో 3,000 దాటి కొద్దిగా వస్తుంది. హమ్‌బకర్ మందంగా, సింగిల్ కాయిల్ మెరుపుగా ఉండటానికి ముఖ్య కారణాల్లో ఇదొకటి. ఈ లెక్కలో మాగ్నెట్ పేరు ఎక్కడైనా వచ్చిందా?

నేరుగా రాలేదు గానీ, పక్కదారిన వస్తుంది. 1954 నాటి అసలు స్ట్రాట్ పికప్‌లో కాయిల్ మధ్య నిలబడిన ఆరు రాడ్లే అల్నికో మాగ్నెట్లు. నీలాంటి తక్కువ ధర గిటార్లలో సాధారణంగా రాడ్లు ఉత్త ఇనుము, కింద ఒక సెరామిక్ బార్ అతికించి ఉంటుంది. ఇనుము కాయిల్ ఇండక్టెన్స్‌ని అల్నికో కన్నా ఎక్కువ పెంచుతుంది, దానిలో సుడుల్లా తిరిగే ఎడ్డీ కరెంట్లు ఆ ఎత్తుని కాస్త చదును చేస్తాయి. అంటే చుట్లు సమానమైతే నీ సెరామిక్ పికప్, అల్నికో రాడ్ల పికప్ కన్నా కొంచెం మందంగా ఉండాలి, పదునుగా కాదు! నువ్వు కీబోర్డ్ అన్న మాట విని 'అల్నికో 5' రకం రాడ్ల సెట్ వేయిస్తే గీరడం తగ్గకపోగా ఇంకాస్త మెరిసే అవకాశమే ఎక్కువ.

అల్నికోలో కూడా అన్నీ ఒకటి కాదు. పికప్‌లలో ఎక్కువగా కనిపించేవి 2, 3, 5. వీటిలో 5 బలమైనది. 2, 3 నెమ్మదైనవి. 3లో అసలు కోబాల్టే ఉండదు. మాగ్నెట్ బలహీనమైతే లెవెల్ తగ్గుతుంది, స్ట్రింగ్ మీద లాగుడు తగ్గుతుంది, మీటిన మొదటి క్షణంలో దెబ్బ మెత్తబడుతుంది. ఈ తేడా నిజమే, కాదనను. హమ్‌బకర్‌లో కాయిల్స్ ముట్టుకోకుండా అడుగున బార్ ఒక్కటే జారవిడిచి మార్చి చూసినవాళ్లకి తెలుసు. కానీ అది పక్కపక్కన పెట్టి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో వింటే తెలిసే తేడా. డ్రమ్స్, కీబోర్డ్ మొదలయ్యాక దాన్ని పట్టుకోవడం కష్టం.

మరి సెరామిక్‌కి ఈ చెడ్డపేరు ఎలా వచ్చింది? రెండు దారుల్లో. చౌక గిటార్లన్నిట్లో అదే ఉండటం ఒకటి. రెండోది 1972లో డిమార్జియో కంపెనీ తెచ్చిన సూపర్ డిస్టార్షన్ పికప్. అందులో సెరామిక్ ఉంది, దానితో పాటు బోలెడన్ని చుట్ల తీగ ఉంది. ఆంప్‌ని తేలిగ్గా డిస్టార్షన్‌లోకి తోయడానికి చేసిన పికప్ అది. ఆ దారిలో వచ్చినవి చాలా అలాంటివే. జనం చుట్ల సంగతి వదిలి మాగ్నెట్ పేరు పట్టుకున్నారు. హెవీ మెటల్ సంగీతం వాయించేవాళ్ల ఈఎంజీ 81 పికప్‌లోనూ సెరామిక్కే, లక్షలు పోసే గిటార్లలో అది ఉంటుంది, ఎవరూ చౌక అనరు.

నీదాంట్లో ఏముందో చూడాలనిపిస్తే స్ట్రింగ్స్ మార్చే రోజు పిక్‌గార్డ్ (పికప్‌లు బిగించిన ప్లాస్టిక్ పలక) లేపి పికప్ కింద చూడు. నల్లగా, అంచుల్లో రాయిలా పెచ్చులూడే బార్ ఉంటే సెరామిక్. అనుమానముంటే మల్టీమీటర్‌ని బీప్ మోడ్‌లో పెట్టి రెండు మొనలూ మాగ్నెట్‌కే ఆనించు. అల్నికో లోహం కాబట్టి బీప్ అంటుంది. సెరామిక్ పలకదు. పైన వార్నిష్ ఉంటే ఒక చుక్కంత గీకి చూడాలి. చూడటం వరకే, బార్‌ని పీకే ప్రయత్నం చేయకు. పక్కనే ఉన్న కాయిల్ తీగ లావు 0.063 మిల్లీమీటర్లు, గోరు తగిలినా తెగుతుంది, తెగితే మళ్లీ మొదటి నుంచి చుట్టాలి.

పైసా ఖర్చు లేని పని ముందు చెయ్యి. సన్న స్ట్రింగ్‌ని చివరి ఫ్రెట్ దగ్గర నొక్కి పట్టి, స్ట్రింగ్ అడుగు నుంచి పోల్ (పికప్‌లో రాడ్ తల) పైకి ఎంత సందుందో చిన్న స్టీలు స్కేలుతో కొలువు. మామూలుగా సన్న స్ట్రింగ్ వైపు 1.6 మిల్లీమీటర్లు, లావు స్ట్రింగ్ వైపు 2 ఉంటాయి. స్క్రూ వదులు చేస్తే పికప్ దిగుతుంది. బ్రిడ్జ్ పికప్‌ని (స్ట్రింగ్స్ ఆనే బ్రిడ్జ్ పక్కనున్నది) మూడు మిల్లీమీటర్ల దాకా దించి విను. లెవెల్ తగ్గుతుంది, దాన్ని ఆంప్‌లో పెంచుకోవచ్చు, ముల్లు మాత్రం విరుగుతుంది. తర్వాత టోన్ నాబ్. కొన్న రోజు నుంచి పది మీదే ఉంది కదూ? ఏడుకి తెచ్చి వాయించు. కొన్ని స్ట్రాట్ వైరింగుల్లో బ్రిడ్జ్ పికప్‌కి టోన్ నాబే ఉండదు, తిప్పినా తేడా లేకపోతే ఆశ్చర్యపడకు, ఒక వైరు ముక్కతో దాన్నీ కలిపించొచ్చు.

ఇంకా పదును అనిపిస్తే 470 పికోఫారడ్ కెపాసిటర్ ఒకటి అవుట్‌పుట్ జాక్ రెండు కొనల మధ్య సోల్డర్ చేయించు. దాని మీద 471 అని రాసి ఉంటుంది. కోఠి గుజరాతీ గల్లీ దాకా పోనక్కర్లేదు, ఇక్కడ టీవీ రిపేర్ చేసేవాళ్ల డబ్బాలోనే దొరుకుతుంది, ధర కొన్ని రూపాయలు. ఇందాకటి 600కి ఇది కలిస్తే 4,200 మీద ఉన్న ఎత్తు 3,100 దగ్గరికి దిగుతుంది, అంటే దాదాపు హమ్‌బకర్ చోటుకి. అది కూడా సెరామిక్ కెపాసిటరే, కీబోర్డ్ అన్నకి చెప్పకు.

హమ్ సంగతి మాగ్నెట్‌తో ముడిపెట్టకు. సింగిల్ కాయిల్ చుట్టుపక్కల ఉన్న 50 హెర్ట్జ్ కరెంటు తీగల్ని, ట్రాన్స్‌ఫార్మర్లని వింటుంది, అంతే. కానీ స్ట్రింగ్స్ ముట్టుకుంటే హమ్ తగ్గుతుందా, పెరుగుతుందా గమనించు. పెరిగితే ఎర్తింగ్ లోపం. పెళ్లి పందిళ్లలో, జనరేటర్ మీద, మూడో పిన్ను విరగ్గొట్టిన ప్లగ్గులతో వాయించేటప్పుడు చేతిలో స్ట్రింగ్స్, పెదవికి మైకు కలిస్తే షాక్ కొట్టే ప్రమాదం నిజంగానే ఉంది. టెస్టర్ జేబులో ఉంచుకో, మైకు జాలీకి ఒకసారి తాకించి చూశాకే పాడు.

ఇవన్నీ అయ్యాక కూడా పికప్ మార్చాలనే ఉంటే, మూడూ మార్చకు. బ్రిడ్జ్ దగ్గర ఒక్కటి, సింగిల్ కాయిల్ సైజులో వచ్చే హమ్‌బకర్ వేయించు. ఆ ఒక్క పికప్ మీద వాయించినప్పుడు హమ్ పోతుంది, మందం వస్తుంది, డిస్టార్షన్‌కి కుదురుగా ఉంటుంది. అలాంటివాటిలో చాలావరకు సెరామిక్ మాగ్నెట్టే ఉంటుంది, భయపడకుండా తీసుకో. బిగించాక ఐదు స్థానాల స్విచ్‌లో బ్రిడ్జ్, మధ్య పికప్‌లు కలిసే చోట సౌండ్ పీలగా, బేస్ అంతా కారిపోయినట్టు వస్తే కొత్తదాని ఫేజ్ (సిగ్నల్ ఊపు దిశ) తిరగబడిందని అర్థం. దాని హాట్, గ్రౌండ్ వైర్లు రెండూ తారుమారు చేస్తే సరిపోతుంది. లోహపు తొడుగునో అడుగు ప్లేటునో గ్రౌండ్ వైరుకే కలిపి ఉన్న పికప్ అయితే అలా మార్చకూడదు, తొడుగు వైరు విడిగా తీసి గ్రౌండ్‌కి ఇవ్వాలి. సోల్డర్ చేసే మనిషికి ఇది ముందే చెప్పు, పిక్‌గార్డ్ మూసేముందు ముల్లు మీటర్ తగిలించి, ఒక్కో పికప్ పోల్స్ మీద స్క్రూడ్రైవర్ ఆనించి పైకి లాగితే ముల్లు రెండింటికీ ఒకే వైపు కదులుతుందా చూడమను. మూశాక తేలితే స్ట్రింగ్స్ అన్నీ మళ్లీ విప్పాలి.